మియూ మినీ ప్లస్ సెటప్: కార్డు కొనడం దగ్గర్నుంచి సేవ్ ఫైళ్ళు కాపాడుకోవడం దాకా

పండగకి వచ్చిన మా మేనల్లుడు పాత వీడియో గేములు ఆడుకునే, అరచేతిలో పట్టే ఓ బుల్లి పెట్టెని నా ముందు పెట్టి, "మావయ్యా, నిన్న రాత్రిదాకా బాగానే ఆడింది, ఇవాళ లోగో దగ్గరే ఆగిపోతోంది" అన్నాడు. పెట్టెకి ఏ జబ్బూ లేదు. దాంతోపాటు వచ్చిన పేరులేని మెమరీ కార్డు చచ్చిపోయింది. దాంతోపాటే వాడు నెలరోజులు కూర్చుని ఆడిన ఆట కూడా పోయింది.

అప్పట్నుంచీ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: "కొన్నాం, ఇప్పుడేం చెయ్యాలి?" అందుకే ఈ గైడు. ఉదాహరణకి మియూ మినీ ప్లస్ అనే పెట్టె తీసుకుంటున్నాను. 3.5 అంగుళాల తెర, 640×480 పిక్సెళ్ళు, 128 ఎంబీ ర్యామ్, 3000 ఎంఏహెచ్ బ్యాటరీ, వైఫై, ఒకే ఒక్క కార్డు స్లాటు. దానిమీద ఎక్కించేది ఆనియన్ ఓఎస్, అంటే పెట్టెని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. పేరు ఉల్లిపాయే గానీ, కన్నీళ్ళు తెప్పించేది మాత్రం కార్డే. వేరే మోడల్ కొన్నవాళ్ళకి 10వ భాగంలో విడిగా చెప్పాను.

ఒక్క మాట. ఫోల్డర్ల పేర్లు, మెనూ పేర్లు తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని చదివే తీరులో రాస్తున్నాను.

## 1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పేరున్న కంపెనీ మైక్రో ఎస్‌డీ కార్డు, 64 జీబీ. 128 ఉన్నా సరే.
- కార్డు రీడర్. ల్యాప్‌టాప్‌లో స్లాటు లేకపోతే యూఎస్‌బీ రీడర్ చాలు.
- విండోస్, మ్యాక్, లినక్స్‌లో ఏదో ఒక కంప్యూటర్. ఫోన్‌తో ఈ పని పెట్టుకోవద్దు.
- మామూలు 5 వోల్టుల ఛార్జర్, ఒకవైపు పెద్ద యూఎస్‌బీ, రెండోవైపు టైప్-సి ఉన్న కేబుల్.
- ఓ సాయంత్రం ఖాళీ. అందులో సగం కాపీ అయ్యేదాకా కూర్చోవడమే.

64 జీబీ సరిపోతుందా అని చాలామంది అనుమానం. పాత ఎన్ఈఎస్ (నింటెండో వాళ్ళ టీవీ గేము పెట్టె) గేములు చాలావరకు 1 ఎంబీ లోపే. గేమ్ బాయ్ అడ్వాన్స్ గేము పెద్దదైతే 32 ఎంబీ. ప్లేస్టేషన్ గేములే బరువు, ఒక్కో సీడీ 700 ఎంబీ దాకా వస్తుంది. మీరు నిజంగా ఆడబోయే గేములు రాసుకుని చూడండి, 64లో సగం కూడా నిండదు.

ఛార్జర్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. రెండువైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఫాస్ట్ ఛార్జర్ తగిలించడం ఈ పెట్టెకి మంచిది కాదు. ఇంట్లో పడున్న పాత ఫోన్ ఛార్జరే దీనికి సరైన జోడీ.

## 2. కార్డు అసలుదా, నకిలీదా?

అందరూ దాటేసే మెట్టు ఇదే. నేనూ ఒకసారి దాటేశాను. డబ్బా మీద పేరు, రంగు, హోలోగ్రామ్ అన్నీ ఉన్నాయి, ధర చూస్తే సగం. కొని, గేములన్నీ ఎక్కించి, రెండు వారాలు ఆడాక ఒక్కొక్క ఫైలే తెరుచుకోవడం మానేసింది. 128 అని రాసున్న ఆ కార్డులో నిజంగా ఉన్నది 16 జీబీ.

నకిలీ కార్డు ఎలా మోసం చేస్తుందంటే, "నాలో 128 ఉంది" అని కంప్యూటర్‌కి అబద్ధం చెబుతుంది. 16 నిండేదాకా అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ తర్వాత రాసినవి పాతవాటి మీద పడతాయి, లేదా గాల్లో కలిసిపోతాయి. కాపీ అయిపోయిందనే చూపిస్తుంది. తెరిచినప్పుడే బండారం బయటపడుతుంది.

పరీక్ష ఇలా:

1. ఖాళీ కార్డుని రీడర్‌లో పెట్టండి.
2. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లినక్స్‌లో ఎఫ్3 వాడండి. రెండూ ఉచితమే.
3. కార్డు మొత్తం నింపి, మళ్ళీ చదివి సరిచూడమనండి.
4. ఒక్క తప్పు వచ్చినా కార్డు వాపసు ఇచ్చేయండి. "కొంచెమే కదా" అని ఉంచుకోవద్దు.

64 జీబీ కార్డు నిండడానికే గంట పైన పట్టవచ్చు, చదవడానికి ఇంకొంత సేపు. పరీక్ష పెట్టేసి భోజనానికి లేవండి.

## 3. పెట్టెతో వచ్చిన కార్డుని ఏం చెయ్యాలి?

పారెయ్యకండి, ఆడటానికి వాడకండి. అందులో ఉన్న ఫోల్డర్లన్నీ కంప్యూటర్‌లో ఒకచోట కాపీ చేసి, కార్డుని కవర్లో పెట్టి పక్కన ఉంచండి. రేపు ఏదైనా తేడా వస్తే "ఇది పెట్టె తప్పా, నా తప్పా" అని తేల్చుకోవడానికి పనికొస్తుంది.

కాపీ చేసేటప్పుడు దాచిన ఫైళ్ళు కనిపించేలా పెట్టుకోండి. విండోస్‌లో వ్యూ మెనూలో ఉంటుంది. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క మూడూ కలిపి నొక్కండి. ఈ అలవాటు 6వ భాగంలో మిమ్మల్ని కాపాడుతుంది.

## 4. ఫర్మ్‌వేర్: అవసరమైతేనే

ఫర్మ్‌వేర్ అంటే పెట్టె లోపలే ఉండే మూల సాఫ్ట్‌వేర్. పాత కార్డుతోనే పెట్టె ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో డివైస్ ఇన్ఫో తెరిచి, అక్కడున్న వెర్షన్ నంబరు రాసుకోండి. ఆ అంకెలు తేదీయే: ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. ఆనియన్ సూచనల్లో అడిగిన దానికన్నా మీది పాతదైతేనే ఈ మెట్టు. కాకపోతే నేరుగా 5వ భాగానికి వెళ్ళండి. పని చేస్తున్నదాన్ని ఊరికే కెలకడమెందుకు?

చెయ్యాల్సి వస్తే:

1. బ్యాటరీ సగం పైన ఉండేలా చూసుకోండి.
2. మినీ ప్లస్ కోసం ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఫైలే తీసుకోండి. దాని పేరులో 354 అంకె ఉంటుంది. 283 ఉన్నది చిన్న తెర మినీది, దాన్ని ముట్టుకోవద్దు.
3. ఫైల్‌ని పాత కార్డులోనే పైవరసన, ఏ ఫోల్డర్లోనూ కాకుండా పెట్టండి.
4. పెట్టె ఆఫ్‌లో ఉండగా కార్డు పెట్టి, తర్వాత ఛార్జర్ తగిలించండి. అప్‌డేట్ దానంతటదే మొదలవుతుంది.
5. ఛార్జింగ్ బొమ్మ వచ్చేదాకా చెయ్యి పెట్టకండి.
6. అయ్యాక ఆ ఫైల్‌ని కార్డు నుంచి చెరిపెయ్యండి. లేకపోతే ఛార్జర్ పెట్టినప్పుడల్లా మళ్ళీ మొదలవుతుంది.

కరెంటు పోయే వేళల్లో ఈ పని పెట్టుకోకండి. మధ్యలో ఆగితే పెట్టెని బతికించడం కష్టం.

## 5. కార్డుని ఫ్యాట్32 చెయ్యడం

ఫార్మాట్ అంటే కార్డులో ఫైళ్ళు సర్దే పద్ధతి. మియూ పెట్టెకి ఫ్యాట్32 ఫార్మాట్ కావాలి. పెద్ద కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. 32 జీబీ దాటిన కార్డుకి విండోస్ ఫార్మాట్ కిటికీలో ఫ్యాట్32 అనే ఎంపికే కనిపించదు. చాలామంది ఇక్కడే "కార్డు పాడైందేమో" అనుకుంటారు.

విండోస్‌లో రూఫస్ వాడండి. ఎంపికలు ఈ వరసలో: బూట్ సెలెక్షన్ దగ్గర నాన్ బూటబుల్, పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32, క్లస్టర్ సైజు 32 కేబీ. స్టార్ట్ నొక్కేముందు పైన డ్రైవ్ పేరు రెండుసార్లు చదవండి. పక్కనే బయటి హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే ముందు దాన్ని పీకెయ్యండి. పెళ్ళి ఫోటోలు ఫార్మాట్ అయ్యాక ఏ గైడూ పనికిరాదు.

మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిచి, మొత్తం కార్డుని ఎంచుకుని, ఎంఎస్ డాస్ ఫ్యాట్, మాస్టర్ బూట్ రికార్డ్ అని ఎరేజ్ చెయ్యండి.

## 6. ఆనియన్ ఎక్కించడం

1. ఆనియన్ ప్రాజెక్టు గిట్‌హబ్ పేజీలో రిలీజెస్ దగ్గర తాజా స్థిరమైన జిప్ ఫైల్ దించుకోండి. ఇంకెవరో "గేములతో కలిపి" ఇచ్చేవి వద్దు, వాటిలో ఏం మార్చారో మనకి తెలియదు.
2. జిప్‌లో ఉన్నవన్నీ కార్డు పైవరసనే విప్పండి. జిప్ పేరుతో ఓ ఫోల్డర్ తయారై, అన్నీ దాని లోపల పడితే పెట్టెకి అవి కనపడవు.
3. కార్డు తెరిచి చూడండి. చుక్కతో మొదలయ్యే టీఎంపీ అప్‌డేట్ అనే దాచిన ఫోల్డర్, బయోస్, రెట్రోఆర్క్, మియూ అనే ఫోల్డర్లు కనబడాలి.
4. ఎజెక్ట్ నొక్కి, సరే అన్నాకే కార్డు తియ్యండి.
5. పెట్టె ఆఫ్‌లో ఉండగా కార్డు పెట్టి ఆన్ చెయ్యండి. ఇన్‌స్టాలేషన్ దానంతటదే నడుస్తుంది, కొన్ని నిమిషాలు పడుతుంది.
6. చివర్లో ప్యాకేజ్ మేనేజర్ వస్తుంది. మీరు ఆడే సిస్టంలకే టిక్ పెట్టండి. మిగిలినవి తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

మూడో మెట్టులో చెప్పిన దాచిన ఫోల్డర్ కాపీ కాకపోవడమే మ్యాక్ వాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది. కనిపించిన ఫోల్డర్లన్నీ పట్టుకుని లాగేస్తారు, కనిపించనిది వెనకే ఉండిపోతుంది. ఆన్ చేస్తే ఇన్‌స్టాలర్ మొదలే కాదు. దాచినవి కనిపించేలా పెట్టి మళ్ళీ కాపీ చేస్తే సరి.

ఎక్కాక వైఫై కలపండి. ఇది 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌నే పట్టుకుంటుంది. రౌటర్‌లో 5 మాత్రమే ఆన్ చేసి ఉంటే జాబితాలో మీ ఇంటి పేరు రాదు.

## 7. గేములు, బయోస్ ఫైళ్ళు

"10,000 గేములు" అని అట్ట మీద రాసి అమ్మే కార్డులు హక్కులు లేకుండా చేసిన కాపీలు. నేను వాటిని ఎక్కించను, ఎక్కించమని చెప్పను. మీ దగ్గర అసలు గేమ్ బాయ్ క్యాట్రిడ్జ్ ఉంటే జీబీ ఆపరేటర్ లాంటి పరికరంతో దాన్ని కంప్యూటర్లోకి తీసుకోవచ్చు. క్యాట్రిడ్జ్‌లు లేవా? ఇప్పటికీ పాత పెట్టెల కోసం కొత్త గేములు రాసి, ఉచితంగా ఇచ్చేవాళ్ళున్నారు. గేమ్ బాయ్‌కి టోబు టోబు గర్ల్, అడ్వాన్స్‌కి ఆంగునా వాటిల్లోవే. సెటప్ పరీక్షించుకోవడానికి ఈ రెండూ చక్కగా సరిపోతాయి.

గేము ఫైళ్ళని రోమ్‌లంటారు. రోమ్స్ ఫోల్డర్ లోపల ఒక్కో సిస్టంకి ఒక్కో ఫోల్డర్:

- జీబీ, జీబీసీ, జీబీఏ: గేమ్ బాయ్ మూడు తరాలు
- ఎఫ్‌సీ: ఎన్ఈఎస్. మన ఊళ్ళల్లో టీవీకి తగిలించి ఆడిన పసుపు క్యాట్రిడ్జ్ పెట్టె బాపతు
- ఎస్ఎఫ్‌సీ: సూపర్ ఎన్ఈఎస్
- ఎండీ: మెగా డ్రైవ్
- పీఎస్: మొదటి ప్లేస్టేషన్

ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో, పొట్టిగా, వింత గుర్తులు లేకుండా ఉంచండి. ముఖచిత్రాలు కావాలంటే ఆ సిస్టం ఫోల్డర్లోనే ఇమ్‌జ్‌స్ అనే ఫోల్డర్లో చిన్న పీఎన్‌జీ బొమ్మలు పెట్టండి. గేము పేరు, బొమ్మ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి.

జిప్ విప్పాలా, వద్దా? గేమ్ బాయ్, ఎన్ఈఎస్ లాంటివి జిప్‌లో ఉన్నా నడుస్తాయి. ప్లేస్టేషన్‌వి విప్పాలి. ఆర్కేడ్ గేముల జిప్‌లని మాత్రం విప్పకూడదు, పేరు కూడా మార్చకూడదు. ఎందుకంటే లోపలున్న ఒక్కో చిప్పు ఫైల్‌ని ఎమ్యులేటర్ (పాత పెట్టెలా నటించి గేము నడిపే ప్రోగ్రాం) ఆ పేరుతోనే వెతుక్కుంటుంది. ఆ ఎమ్యులేటర్లన్నిటినీ ఒకచోట పెట్టి నడిపేది రెట్రోఆర్క్, అందులో ఒక్కో ఎమ్యులేటర్‌నీ కోర్ అంటారు. ఆర్కేడ్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక్కో కోర్‌కి సరిపోయే గేము ఫైళ్ళ కట్టని సెట్ అంటారు: మేమ్ 2003 కోర్‌కి మేమ్ 0.78 నాటి సెట్ కావాలి, ఎఫ్‌బీనియోకి దాని సొంత సెట్ కావాలి. గేము అదే అయినా సెట్ వేరైతే నల్ల తెరే.

ప్లేస్టేషన్. సీడీని కాపీ చేస్తే బిన్, క్యూ అని రెండు ఫైళ్ళు వస్తాయి. మేమ్‌తో పాటు వచ్చే సీహెచ్‌డీమ్యాన్ పనిముట్టుతో వాటిని ఒకే సీహెచ్‌డీ ఫైల్‌గా మార్చుకోండి. చోటు కలిసొస్తుంది, జాబితా శుభ్రంగా ఉంటుంది. రెండు మూడు డిస్కుల గేమైతే ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ తెరిచి, వరసకొక డిస్కు ఫైల్ పేరు రాసి, ఎం3యూ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చెయ్యండి. గేముని ఆ ఫైల్ నుంచే మొదలుపెట్టండి.

బయోస్. అసలు పెట్టె ఆన్ అవ్వగానే నడిచే ప్రోగ్రాం ఫైళ్ళివి. ఇవి కార్డు పైవరసలో ఉన్న బయోస్ ఫోల్డర్లోకి వెళ్ళాలి, గేముల పక్కన కాదు. పేరు అచ్చం కోర్ అడిగినట్టే ఉండాలి. సైజు చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది: ప్లేస్టేషన్ బయోస్ కచ్చితంగా 512 కేబీ, అడ్వాన్స్ బయోస్ 16 కేబీ. వేరే అంకె కనిపిస్తే ఆ ఫైల్ సరైనది కాదు. బయోస్ లేకపోయినా ప్లేస్టేషన్ కోర్ తన సొంత బదులుతో కొన్ని గేములు నడుపుతుంది గానీ, మధ్యలో మెమరీ కార్డు దగ్గర మొరాయిస్తే ఆశ్చర్యపోకండి.

కొత్త గేములు పెట్టాక జాబితాలో వై బటన్ నొక్కి, రిఫ్రెష్ రోమ్స్ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే ఆ సిస్టం ఫోల్డర్లో పేరులో "క్యాష్" అని ఉండి డీబీతో ముగిసే ఫైల్‌ని చెరిపెయ్యండి. పెట్టె మళ్ళీ కొత్తది రాసుకుంటుంది.

## 8. బొమ్మని తీర్చిదిద్దడం

"పిక్సెళ్ళు ఒకటి లావుగా, ఒకటి సన్నగా కనిపిస్తున్నాయి, స్క్రీన్ పాడైందా?" పాడవలేదు. ఇది లెక్కల గొడవ. ఒక్కసారి అర్థమైతే ఏ పెట్టెకైనా పనికొస్తుంది.

మన తెర 640×480. పాత పెట్టె బొమ్మని 2 రెట్లు, 3 రెట్లు అని పూర్ణాంకంతో పెంచితే ప్రతి పిక్సెల్ సమానంగా ఉంటుంది. రెండున్నర రెట్లంటే కొన్ని పిక్సెళ్ళకి 2 చుక్కలు, కొన్నింటికి 3 దక్కుతాయి. తెర పక్కకి జరిగినప్పుడు నీళ్ళల్లో చూసినట్టు వణుకుతుంది.

- ప్లేస్టేషన్ గేముల్లో చాలావాటిది 320×240. రెండింతలు చేస్తే 640×480. అతికినట్టు సరిపోతుంది, ఏమీ ముట్టుకోనక్కర్లేదు.
- మెగా డ్రైవ్ 320×224. రెండింతలకి 640×448. పైనా కిందా సన్నటి నల్లపట్టీ అంతే.
- గేమ్ బాయ్ 160×144. మూడింతలకి 480×432. నాకిష్టమైనది ఇదే.
- ఎన్ఈఎస్ 256×240. రెండింతలకి 512×480. పక్కల కొంచెం ఖాళీ. ఇవి టీవీ కోసం గీసినవి కాబట్టి బొమ్మలు కాస్త సన్నగా అనిపిస్తాయి.
- అడ్వాన్స్ 240×160. ఇక్కడే తంటా. రెండింతలకి 480×320, చుట్టూ 80 చుక్కల ఖాళీ. తెర వెడల్పంతా నింపితే 2.67 రెట్లు, వణుకు తప్పదు.

మార్చే వరస: గేము నడుస్తుండగా మెనూ, సెలెక్ట్ కలిపి నొక్కితే రెట్రోఆర్క్ మెనూ వస్తుంది. సెట్టింగ్స్, వీడియో, స్కేలింగ్ దాకా వెళ్ళి ఇంటీజర్ స్కేల్ ఆన్ చెయ్యండి.

ఇక్కడ ఆగి, ఎక్కడ సేవ్ చేస్తున్నారో చూడండి. క్విక్ మెనూలో ఓవర్‌రైడ్స్ అని ఉంటుంది. కోర్ ఓవర్‌రైడ్ అంటే ఆ ఎమ్యులేటర్‌తో ఆడే అన్ని గేములకీ. కంటెంట్ డైరెక్టరీ ఓవర్‌రైడ్ అంటే ఆ ఫోల్డర్లో ఉన్నవాటికి. గేమ్ ఓవర్‌రైడ్ ఆ ఒక్క గేముకే. నా సలహా, డైరెక్టరీ ఓవర్‌రైడ్ వాడండి. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ రెండూ ఒకే కోర్‌తో నడుస్తాయి గానీ రెండింటికీ వేర్వేరు రంగులు, అంచులు పెట్టుకోవాలనిపిస్తుంది. కరెంట్ కాన్ఫిగరేషన్ సేవ్ చేస్తే మాత్రం ఆ మార్పు అన్ని సిస్టంలకీ అంటుకుంటుంది. పప్పులో కాలేసేది అక్కడే.

రంగులు: అసలు గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర మసకగా ఉండేది కాబట్టి గేములవాళ్ళు రంగులు గాఢంగా పోశారు. మన తెరమీద అవి కళ్ళు చెదిరేలా ఉంటాయి. కోర్ ఆప్షన్స్‌లో కలర్ కరెక్షన్ ఆన్ చేసి చూడండి. బొమ్మకి మెరుగులు దిద్దే బరువైన షేడర్ల జోలికి వెళ్ళకండి, ఈ చిప్పుకి ఆ శక్తి లేదు. చుట్టూ ఖాళీని నింపడానికి ఓవర్‌లే బొమ్మ పెట్టుకోవచ్చు, అది తేలిక.

థీమ్‌లు? థీమ్ స్విచర్ ఉంది, నచ్చింది ఎంచుకోండి. దానికి గైడు అక్కర్లేదు.

## 9. బటన్లు

ఆనియన్‌లో వేళ్ళకి అలవాటు చేసుకోవాల్సినవి నాలుగే:

- మెనూ ఒకసారి నొక్కితే గేమ్ స్విచర్. ఇటీవల ఆడినవి వరసగా కనిపిస్తాయి.
- మెనూ నొక్కి పట్టుకుంటే ఆట దాచుకుని బయటికి వస్తుంది.
- మెనూ, ఆర్2 కలిపితే సేవ్ స్టేట్. మెనూ, ఎల్2 కలిపితే దాన్ని తిరిగి తెరవడం.
- మెనూ, సెలెక్ట్ కలిపితే రెట్రోఆర్క్.

ఇవి నచ్చకపోతే ట్వీక్స్ యాప్‌లో మార్చుకోండి.

ఎన్ఈఎస్ గేముల్లో బి పట్టుకుని పరిగెడుతూ ఎ తో దూకాలి. అసలు కంట్రోలర్ మీద ఆ రెండూ పక్కపక్కనే ఉండేవి, బొటనవేలు అడ్డంగా వాలిస్తే రెండూ పడేవి. ఈ పెట్టె మీద నాలుగు బటన్లు డైమండ్ ఆకారంలో ఉంటాయి. వై ని బి గా, బి ని ఎ గా మార్చి చూడండి, బొటనవేలికి హాయిగా ఉంటుంది. క్విక్ మెనూ, కంట్రోల్స్‌లో మార్చి, సేవ్ కోర్ రీమ్యాప్ ఫైల్ నొక్కండి. నొక్కకపోతే గేము మూసేసరికి మార్పు పోతుంది.

ప్లేస్టేషన్‌లో బాణాలు పనిచెయ్యకపోతే కంట్రోలర్ రకాన్ని డ్యూయల్‌షాక్ నుంచి స్టాండర్డ్‌కి మార్చండి. ఈ పెట్టెకి అనలాగ్ కర్రలు లేవు. అవి తప్పనిసరైన గేములు దీని మీద కుదరవు.

## 10. వేరే పెట్టె కొన్నారా?

ఆర్36ఎస్. చవగ్గా దొరుకుతుంది కాబట్టి మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఇదే. బయటికి ఒకేలా ఉన్నా లోపల తెర ప్యానెల్ రకరకాలుగా ఉంటుంది. కొత్త కార్డు చేసుకునే ముందు అసలు కార్డు బూట్ పార్టిషన్‌లో డీటీబీతో ముగిసే ఫైళ్ళని (తెర వివరాలు ఉండేది వాటిలోనే) కాపీ చేసి దాచండి. కొత్త కార్డులో, ఆనియన్ లాంటిదే అయిన ఆర్క్ ఓఎస్ ఎక్కించాక శబ్దం వచ్చి తెర నల్లగా ఉంటే, ఆ ఫైళ్ళు తెచ్చి పెట్టండి. పేరు అదే, లోపల వేరే చిప్పుతో వచ్చే నకళ్ళు కూడా ఉన్నాయి. వాటికి ఆర్క్ ఓఎస్ పనికిరాకపోవచ్చు.

ఆన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ ప్లస్, హెచ్. రెండు కార్డు స్లాట్లు: ఒకటి సిస్టంకి, రెండోది గేములకి. ఇక్కడ ఫైళ్ళు కాపీ చేస్తే చాలదు. మ్యూ ఓఎస్ లేదా క్నుల్లి లాంటి ఓఎస్ ఇమేజ్‌ని (మొత్తం కార్డు నకలు ఒకే ఫైల్‌గా) బెలీనా ఎచర్‌తోనో రూఫస్‌తోనో కార్డులోకి రాయాలి.

రెండింటికీ ఒకే హెచ్చరిక. సిస్టం కార్డుని విండోస్‌లో పెట్టగానే "ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యాలా?" అని అడుగుతుంది. అందులో లినక్స్ పార్టిషన్ ఉంది, విండోస్‌కి అది చదవడం రాదు, అందుకే అడుగుతోంది. క్యాన్సిల్ నొక్కండి. అవునన్నారంటే మళ్ళీ మొదటికి.

## 11. సేవ్ ఫైళ్ళు, వాటి చుట్టూ తిరిగే తలనొప్పులు

సేవ్ రెండు రకాలు. గేములోనే "సేవ్" అని ఉన్నచోట నొక్కితే తయారయ్యేది ఎస్ఆర్ఎం ఫైల్. అసలు క్యాట్రిడ్జ్‌లో బ్యాటరీ చేసిన పని అది. ఎమ్యులేటర్ ఆ క్షణాన్ని యథాతథంగా దాచేది సేవ్ స్టేట్. స్టేట్ ఆ కోర్‌కే అర్థమవుతుంది, కోర్ మారినా అప్‌డేట్ అయినా తెరుచుకోకపోవచ్చు. ఎస్ఆర్ఎం వేరే పెట్టెలోకి, కంప్యూటర్లోకి, కొన్ని పరికరాలతో తిరిగి క్యాట్రిడ్జ్‌లోకి కూడా వెళ్తుంది. కాబట్టి స్టేట్ వాడండి, కానీ పెద్ద గేములో రోజుకొకసారైనా గేము లోపల కూడా సేవ్ చెయ్యండి.

ఇవన్నీ ఉండేది సేవ్స్ లోపలున్న కరెంట్ ప్రొఫైల్ ఫోల్డర్లో. వారానికోసారి సేవ్స్ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్లోకి కాపీ చెయ్యండి. గేములు పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు, మీరు ఆడిన గంటలు మాత్రం ఆ కొద్ది ఎంబీల్లోనే ఉన్నాయి.

ఎక్కువగా అడిగేవి:

"వేరే పెట్టెలోంచి సేవ్ తెచ్చి పెట్టాను, పాత చోటునుంచే మొదలవుతోంది." బయటికి వచ్చినప్పుడు దాచిన ఆటో స్టేట్ ముందు తెరుచుకుని, మీ ఎస్ఆర్ఎంని తొక్కేస్తోంది. స్టేట్స్ ఫోల్డర్లో ఆ గేము పేరున్న ఆటో ఫైల్ చెరిపి, మళ్ళీ మొదలుపెట్టండి. చెరపకముందే గేములో సేవ్ నొక్కారంటే కొత్తది పోతుంది, కాబట్టి కంప్యూటర్లో ఓ నకలు ఉంచుకునే ఈ పని చెయ్యండి.

"కోర్ మార్చాను, సేవ్ మాయమైంది." పోలేదు. కోర్ పేరుతో వేర్వేరు ఫోల్డర్లుంటాయి. పాత కోర్ ఫోల్డర్లోంచి కొత్తదాంట్లోకి ఎస్ఆర్ఎం కాపీ చెయ్యండి. క్యాట్రిడ్జ్ నుంచి తీసినది ఎస్ఏవీ అని ఉంటే ఎస్ఆర్ఎం అని పేరు మార్చండి. గేము ఫైల్ పేరుతో సరిపోవాలి.

"జాబితాలో ప్రతి గేము రెండుసార్లు వస్తోంది, ఒకటి తెరుచుకోదు." మ్యాక్ వదిలిన చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చెత్త ఫైళ్ళవి. టెర్మినల్లో డాట్ క్లీన్ ఆదేశం కార్డు మీద నడపండి.

"గేము ఫోల్డర్లో ఉంది, సిస్టం మాత్రం మెనూలో లేదు." ప్యాకేజ్ మేనేజర్లో దానికి టిక్ పెట్టలేదు.

"సూపర్ ఎన్ఈఎస్‌లో కొన్ని గేములు నత్తలా నడుస్తున్నాయి." సూపర్ ఎఫ్ఎక్స్ చిప్పు ఉన్న క్యాట్రిడ్జ్‌ల గేములు బరువు. వై మెనూలో ఆ ఒక్క గేముకి తేలికైన కోర్ ఎంచుకోండి.

"అచీవ్‌మెంట్స్ ఆన్ చేశాక సేవ్ స్టేట్ తెరుచుకోవడం లేదు." పాత గేముల్లో సాధించినవాటికి బిరుదులిచ్చే ఆన్‌లైన్ సేవ రెట్రో అచీవ్‌మెంట్స్. అందులో హార్డ్‌కోర్ మోడ్ ఆన్‌లో ఉంది. అది స్టేట్‌లని ఒప్పుకోదు. ఆ మోడ్ ఆపండి, లేదా గేములోని సేవ్‌తోనే ఆడండి.

"ఆడుతూ ఉండగా కార్డు బయటికి తీశాను..." పెట్టి ఆన్ చెయ్యకండి. ముందు కంప్యూటర్లో పెట్టి సేవ్స్ ఫోల్డర్ కాపీ చెయ్యండి. తర్వాత విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. తప్పులు సరిదిద్దాకే పెట్టెలో పెట్టండి. అదే తప్పు రెండోసారి కనిపిస్తే కార్డు మార్చి, 2వ భాగం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.